ఒకే అరలో 1:35, 1:40 బొమ్మలు: ఎవరి కొలత సరి, ఎవరి రూపం సరి?

నత్తగుల్ల · హైదరాబాద్

నా డైనోసార్ బొమ్మల్లో టైరనోసారస్ పెట్టె మీద 1:35 (అంటే అసలు జంతువులో 35వ వంతు) అని, ట్రైసెరటాప్స్ పెట్టె మీద 1:40 అని ఉంది. పక్కపక్కన నిలబెడితే ఒకటి బండగా, రెండోది దాని ముందు దూడలా ఉంది. లెక్క చూస్తే రెండు స్కేళ్ల మధ్య తేడా ఏడింట ఒక వంతే. మరి కంటికి ఇంతగా ఎందుకు కొడుతోంది? ఇకముందు కొనేవన్నీ ఒకే స్కేలులో కొనాలని ఉంది. ఏది ఎంచుకోవాలి, పెట్టె మీది అంకెను ఎంతవరకు నమ్మాలి, మీరు మీ బొమ్మలను ఎలా కొలుస్తారు? ఫొటోలు తర్వాత పెడతాను. ముందు అనుభవజ్ఞుల మాట వినాలి.

దారంకొలత · విశాఖపట్నం

నత్తగుల్ల గారూ, తేడా ఏడో వంతు పొడవులో మాత్రమే. బొమ్మకు వెడల్పు, ఎత్తు కూడా ఉన్నాయి. మూడు వైపులా ఏడో వంతు పెరిగితే మొత్తం పరిమాణం దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతుంది. మీ కన్ను చూస్తున్నది ఆ ఒకటిన్నర రెట్లను.

ఇక కొలత విషయం. స్కేలుబద్ద పక్కన పెట్టి ముక్కు నుంచి తోక చివరి వరకు చూస్తే వచ్చేది బొమ్మ ఆక్రమించిన చోటు. జంతువు పొడవు అది కాదు. బొమ్మల తోకలు ఎక్కువగా పక్కకు తిరిగి ఉంటాయి, పెట్టెలో పట్టాలి కదా. కుట్టుదారం తీసుకుని ముక్కు కొన మీద నొక్కి పట్టండి. తల మీదుగా, మెడ వంపు వెంట, వెన్ను మధ్యగా తోక చివరి దాకా పరిచి, అక్కడ గోటితో పట్టుకుని, తర్వాత దారాన్ని బల్ల మీద సాగదీయకుండా పరిచి కొలవండి. శాస్త్రవేత్తలు చెప్పే పొడవు వెన్నుపూసల వెంట తీసినది. మన దారం పైచర్మం మీద నడుస్తుంది కనుక కొంచెం ఎక్కువే చూపిస్తుంది, అది గుర్తుంచుకోవాలి.

తర్వాత అసలు ప్రశ్న: దేనితో పోల్చాలి? ‘టైరనోసారస్ పొడవు’ అనే ఒకే అంకె లేదు. షికాగో ఫీల్డ్ మ్యూజియంలో ఉన్న, 1990లో దక్షిణ డకోటాలో దొరికిన ‘స్యూ’ అనే అస్థిపంజరం పొడవు 12.3 మీటర్లు. దాని ప్రకారం 1:35 బొమ్మ 35 సెంటీమీటర్లు ఉండాలి, 1:40 బొమ్మ 31కి కాస్త తక్కువ. అంతకన్నా చిన్న టైరనోసారస్‌లూ ఉన్నాయి. కంపెనీ ఏ జంతువును మనసులో పెట్టుకుందో చెప్పకుండా పెట్టె మీద నిష్పత్తి మాత్రం వేస్తే అది సగం సమాచారమే.

పొడవుతో తృప్తి పడకండి. తోక సగం పైన ఊహ కలిసిన బొమ్మలు చాలా ఉన్నాయి. పుర్రె కొలవండి. స్యూ పుర్రె సుమారు 1.4 మీటర్లు, అంటే 1:35లో 4 సెంటీమీటర్లు. తుంటి దగ్గర ఎత్తు సుమారు 4 మీటర్లు, 1:35లో 11 సెంటీమీటర్ల పైచిలుకు. పొడవు, పుర్రె, తుంటి, ఈ మూడూ ఒకే స్కేలు చెబితే ఆ శిల్పి పని తెలిసినవాడు. నా అనుభవంలో పుర్రె దగ్గరే ఎక్కువమంది దొరికిపోతారు. తల పెద్దదైతే అమ్మకానికి బాగుంటుంది.

ఊరకచూపరి · గుంటూరు

దారం, గోరు, పుర్రె... ఇంట్లో పెళ్లిచూపులకు కూడా ఇన్ని కొలతలు తీయలేదు. బొమ్మ చూడగానే గుండె ఝల్లుమనాలి, అంతే. నా దగ్గర పాపో కంపెనీ బొమ్మలే ఎక్కువ. సినిమాలో జంతువులా ఉంటాయి, ముడతలు, రంగుల పని చూస్తే చేతితో చెక్కినట్టు ఉంటుంది. స్కేలు వాళ్లు చెప్పరు, నేను అడగను.

ఈకలరాణి · వరంగల్

అడగకపోవడం మీ ఇష్టం. కానీ నత్తగుల్ల గారు అడిగారు కదా.

రూపం గురించి నా వంతు చెబుతాను. నేను జీవశాస్త్రం పాఠం చెబుతాను కాబట్టి కొత్త బొమ్మ రాగానే ముందు చేతులు చూస్తాను. మాంసాహార డైనోసార్ అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా ఉండాలి, చప్పట్లు కొట్టబోతున్నట్టు. నేల వైపు వాల్చి, కుందేలులా వేలాడదీస్తే ఆ మణికట్టు విరిగినట్టే లెక్క, ఎముకల అమరిక అలా తిరగనివ్వదు. ఒక్క చూపులో దొరికే తప్పు ఇది. దీన్ని సరిచేయడానికి కంపెనీకి పైసా అదనపు ఖర్చు ఉండదు, అయినా నేటికీ వస్తూనే ఉంది.

రెండోది పొడవు మెడ శాకాహారుల ముందు పాదం. చాలా బొమ్మలకు ఏనుగులా అయిదు గోళ్లూ వరసగా అచ్చు వేస్తారు. నిజానికి ముందు పాదంలో పెద్ద గోరు ఒక్క బొటనవేలికే.

మూడోది వెలాసిరాప్టర్ అనే చిన్న మాంసాహారి. దాని ముంజేతి ఎముక మీద పెద్ద ఈకలు నాటుకున్న గుబ్బలు ఉన్నాయని 2007లో ప్రచురించారు. అంటే ఈకలు ‘ఉండవచ్చు’ దశ దాటిపోయి చాలా కాలమైంది. పొలుసులతో, సినిమా పరిమాణంలో చేసిన బొమ్మను వెలాసిరాప్టర్ అని పిలవడం కష్టం. అసలు జంతువు తోకతో కలిపి రెండు మీటర్లకు కాస్త అటూ ఇటూ, నడుము ఎత్తు అర మీటరు. మన 1:40 అరలో అది 5 సెంటీమీటర్ల బొమ్మ! అగ్గిపెట్టె మీద పడుకోబెట్టవచ్చు.

నత్తగుల్ల · హైదరాబాద్

అంటే నా 1:40 అరలో వెలాసిరాప్టర్ ఉన్నా కనబడదన్నమాట. మరి కంపెనీలు ఏం చేస్తున్నాయి?

దారంకొలత · విశాఖపట్నం

చిన్న జంతువుకు స్కేలు మార్చేస్తాయి. అందుకే ఒకే వరసలో వచ్చిన బొమ్మలన్నీ ఒకే స్కేలులో ఉంటాయనుకోకండి. ‘బీస్ట్స్ ఆఫ్ ది మెసోజోయిక్’ వాళ్లు 2016లో చందాలు సేకరించి రాప్టర్లను 1:6లో తెచ్చారు. ఈకలతో సహా, కీళ్లు కదిలే బొమ్మలు. అదే సంస్థ కొమ్ముల డైనోసార్లకు 1:18 పట్టింది. రెండూ నిజాయితీగా రాసి ఉన్నాయి కాబట్టి ఫిర్యాదు లేదు, కలిపి నిలబెట్టడం మాత్రం కుదరదు.

ఏది ఎంచుకోవాలని అడిగారు. కలెక్టా డీలక్స్ వరస 1:40 అని చెబుతుంది. ఎయోఫానా వాళ్ల స్టెప్ మామత్ 1:40, జైగనోటోసారస్ 1:35. చైనా నుంచి వస్తున్న హావొలాంగ్‌గుడ్ 1:35. నిన్నటి వరకు 1:40 రాజ్యం, ఇప్పుడు 1:35 వైపు గాలి తిరిగింది. మీ అర ఎత్తు చూసి నిర్ణయించుకోండి. బెర్లిన్ మ్యూజియంలో నిలబెట్టిన పొడవు మెడ శాకాహారి జిరాఫటైటన్ ఎత్తు 13.27 మీటర్లు. 1:40లో 33 సెంటీమీటర్లు, 1:35లో 38. మన ఇళ్లలో పుస్తకాల అరలు సాధారణంగా 30 దగ్గర ఆగిపోతాయి. నేను వడ్రంగిని పిలిపించాల్సి వచ్చింది.

పాతపెట్టె · లెస్టర్, ఇంగ్లండ్

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను పాతవి పోగేసే మనిషిని, ఉంటున్న ఊరు కూడా దానికి తగినదే. ఇక్కడి ఇన్విక్టా కంపెనీ 1974 నుంచి బ్రిటిష్ మ్యూజియం (నేచురల్ హిస్టరీ), అంటే ఇప్పటి లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం 1:45లో బొమ్మలు చేసింది. ఒక్కో బొమ్మ ఒక్కటే రంగు. టైరనోసారస్ నిటారుగా నిలబడి తోక నేల మీద ఈడుస్తుంది. ఈనాటి లెక్కలో పూర్తిగా తప్పు, కానీ ఆ రోజుకు మ్యూజియం చెప్పిన మాట అది.

తర్వాత 1988లో సఫారీ కంపెనీ పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంతో కలిసి 1:40 వరస మొదలుపెట్టి 2015 వరకు నడిపింది. మీరంతా 1:40 అని అంత గట్టిగా పట్టుకోవడానికి ఆ వరస కూడా ఒక కారణం. అదే మ్యూజియం 1979లో తన అపాటోసారస్ అస్థిపంజరానికి పాత తల తీసి సరైన తల పెట్టింది. కాబట్టి బొమ్మల వాళ్లే తప్పులు చేస్తారనుకోకండి.

ఇప్పుడు మీకు తెలియదేమో అనిపించే విషయం. లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆర్. మెక్‌నీల్ అలెగ్జాండర్ అనే ఆచార్యుడు ఉండేవారు, జంతువుల నడక మీద ప్రామాణికమైన మనిషి. డైనోసార్ల బరువు తేల్చడానికి ఆయన మ్యూజియంలో అమ్మే ఈ ప్లాస్టిక్ బొమ్మలనే వాడారు. బొమ్మ ఎంత నీటిని తొలగిస్తుందో చూసి, స్కేలు ఘనంతో హెచ్చించి, 1985లో ప్రచురించారు. టైరనోసారస్‌కు 7.4 టన్నులు, పొడవు మెడ బ్రాకియోసారస్‌కు 46.6 టన్నులు వచ్చాయి. అంతకు ముందు 1962లో కోల్బర్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త వేరే నమూనాతో అదే బ్రాకియోసారస్‌ను 78 టన్నులు తూచారు. జంతువు ఒకటే, నమూనా పొట్ట వేరు! ఇప్పటి అంచనాలు 46 కంటే కూడా బాగా కిందకు దిగాయి.

దారంకొలత · విశాఖపట్నం

మాస్టారూ, రాత్రి నిద్ర చెడగొట్టారు. ఇంట్లో వంటకు వాడే డిజిటల్ త్రాసు మీద చిన్న బకెట్ పెట్టి, నీళ్లు పోసి, అంకెను సున్నా చేశాను. బొమ్మ నడుముకు దారం కట్టి, అడుగుకు, పక్కలకు తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకున్నాను. త్రాసు చూపిన గ్రాములే బొమ్మ పరిమాణం మిల్లీలీటర్లలో. చేయి వణికితే అంకె గెంతుతుంది కాబట్టి తర్వాత అట్లకాడను రెండు డబ్బాల మీద అడ్డంగా పెట్టి దానికి వేలాడదీశాను.

1:40 అని రాసిన టైరనోసారస్: 118. దాన్ని 64,000తో (40×40×40) హెచ్చిస్తే ఏడున్నర ఘనపు మీటర్లు. ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో గాలి ఉంటుంది కాబట్టి నీటి సాంద్రతలో 95 శాతం వేసుకుంటే 7.2 టన్నులు. స్యూకు ఇటీవలి అంచనాలు ఎక్కువగా 8 టన్నుల పైనే కనుక ఈ బొమ్మ కాస్త ఎండుది.

1:35 అని రాసినది, ఇంకో కంపెనీది: 240. హెచ్చింపు 42,875తో. దాదాపు 9.8 టన్నులు! పొడవు రెండింటికీ స్కేలు ప్రకారం సరిగ్గా సరిపోయింది. కానీ అసలు జంతువు లెక్కలో రెండో దానికి రెండున్నర టన్నుల అదనపు మాంసం. నత్తగుల్ల గారి అరలో ఉన్నది ఈ రెండోదే అయితే ఆ దూడ సమస్యకు స్కేలు ఒక్కటే కారణం కాదు.

ఒక జాగ్రత్త: లోపల బోలుగా ఉండి, కడుపు కింద అతుకు దగ్గర చిల్లు ఉన్న బొమ్మ నీళ్లు తాగుతుంది. ముందు మైనంతో మూయండి.

నత్తగుల్ల · హైదరాబాద్

చూశాను, నాది 236. అతుకు గట్టిగానే ఉంది. కంపెనీ పేరు చెప్పను.

ఊరకచూపరి · గుంటూరు

ఒప్పుకోక తప్పదు, ఇది సరదాగా ఉంది. నా పాపో బొమ్మ ముంచాను. స్కేలు లేదు కాబట్టి టన్నులు రాలేదు, శుభ్రంగా స్నానం మాత్రం అయింది.

కానీ ఈకలరాణి గారికి ఒక ప్రశ్న. ఈరోజు ‘సరైన’ బొమ్మ అని నాలుగు రెట్లు పెట్టి కొంటాం, రేపు ఎవరో వ్యాసం రాస్తారు, తప్పయిపోతుంది. స్పైనోసారస్ కొన్నవాళ్లను అడగండి. అలాంటప్పుడు అందానికి కొనుక్కున్న నేనే తెలివైనవాడిని కదా?

ఈకలరాణి · వరంగల్

స్పైనోసారస్ నా దగ్గర మూడు తరాలు ఉన్నాయి, అడగండి చెబుతాను. జర్మన్ శాస్త్రవేత్త స్ట్రోమర్ 1915లో వర్ణించిన ఎముకలు 1944లో మ్యూనిక్ మీద బాంబులు పడిన రాత్రి మ్యూజియంతో పాటు నాశనమయ్యాయి. తర్వాత చాలాకాలం శిల్పులు మామూలు మాంసాహారి ఒంటికి వీపు మీద తెరచాప తగిలించి చేశారు. నా మొదటి బొమ్మ అది, కాళ్లు పొడవు. మొరాకోలో దొరికిన కొత్త ఎముకలతో 2014లో వెనుక కాళ్లు పొట్టివని వచ్చింది. రెండో బొమ్మ. అదే చోట దొరికిన తోక 2020లో బయటపడింది, తెడ్డులా వెడల్పు. మూడో బొమ్మ.

మూడింటినీ వరసగా పెట్టాను. మొదటిదాన్ని పారేయలేదు, కానీ అది ‘సరైనది’ అని ఎవరైనా ఈరోజు అమ్మితే ఊరుకోను. శాస్త్రం మారడం వేరు, 2007 నాటి సంగతి ఇంకా పట్టించుకోకపోవడం వేరు. టైరనోసారస్ పెదవుల విషయం చూడండి. నోరు మూస్తే పళ్లు బయటకు కనబడవని, పెదవులు కప్పి ఉండేవని 2023లో ఒక అధ్యయనం వచ్చింది. దానికి ముందు పళ్లు బయటపెట్టి చేసిన శిల్పిని తప్పు పట్టను. మణికట్టు విరిచినవాడిని పడతాను.

పాతపెట్టె · లెస్టర్, ఇంగ్లండ్

కాలం చెల్లడం రూపానికే అనుకోకండి, స్కేలుకూ చెల్లుతుంది. డంక్లియోస్టియస్, తల మీద కవచం ఉన్న ఆ చేప. ఎన్నో ఏళ్లుగా 8, 9 మీటర్లని రాశారు. కవచం తప్ప వెనుక భాగం సరిగ్గా దొరకలేదు, మిగతాది సొరచేప లెక్కలో సాగదీశారు. 2023లో తల నిష్పత్తులను వేరే చేపలతో పోల్చి చూస్తే మామూలుగా మూడున్నర మీటర్లు, పెద్దదైతే 4 మీటర్లకు కాస్త పైన అని తేలింది. నా దగ్గరున్న బొమ్మ 20 సెంటీమీటర్లు. కొన్న రోజున అది 1:40, అందుకే కొన్నాను. ఇప్పుడు కూర్చున్న చోటే 1:20 అయింది. పైగా ఒళ్లు కూడా పొట్టిగా, బొద్దుగా ఉండాలట.

మెగలడాన్ అనే అంతరించిన పెద్ద సొరచేపది దీనికి తిరగబడిన కథ. 2020లో 16 మీటర్లు అన్నారు. 2025లో ఇంకో బృందం సన్నగా, 24 మీటర్ల వరకు ఉండవచ్చని చెప్పింది. 1:40లో 40 సెంటీమీటర్ల బొమ్మ కాస్తా 60 కావాలి. సొరచేపకు మృదులాస్థి తప్ప ఎముక లేదు. మిగిలేవి పళ్లు, కొన్ని వెన్నుపూసలు. నీటి జంతువుల పెట్టెల మీద స్కేలు చూస్తే నేను నవ్వి ఊరుకుంటాను.

బెజవాడఎండ · విజయవాడ

పెద్దల చర్చలో నా గోడు ఒకటి. మే నెలలో రెండు కాళ్ల మీద నిలబడే బొమ్మలన్నీ ముందుకు వాలిపోయాయి. ఒకటి ముక్కు మీద నిలబడి ఉంది. ఏం చేయాలి?

దారంకొలత · విశాఖపట్నం

ఈ బొమ్మల పీవీసీ ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది, ఒళ్లంతా బరువు, చీలమండ సన్నం. మరిగి దింపిన నీళ్లలో కాళ్లు మాత్రం అర నిమిషం ముంచి, చేత్తో సరిచేసి, అలాగే పట్టుకుని చల్లటి నీళ్లలో పెట్టండి. మంచు ముక్కలు వేస్తే ఇంకా మంచిది. మళ్లీ వాలకుండా ఛాతీ కింద చిన్న ఊత పెట్టండి. కొన్ని కంపెనీలు దీనికే పాదాలను పెద్దవి చేస్తాయి, అక్కడే స్కేలు పోతుంది. పారదర్శకమైన ఊతకడ్డీ ఇచ్చే కంపెనీలు నాకు అందుకే ఇష్టం.

బెజవాడఎండ · విజయవాడ

నిలబడింది. ధన్యవాదాలు. ఇంకొకటి కొందామంటే ధర చూసి కళ్లు తిరిగాయి.

నిర్వాహకుడు

బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. దాని గురించి బాధపడటానికి వేరే చర్చ ఉంది. ఇక్కడ కొలతల వరకే ఉందాం.

నత్తగుల్ల · హైదరాబాద్

నాకో ఆలోచన వచ్చింది. మా ఊళ్లోనే బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటాసారస్ అనే పొడవు మెడ శాకాహార డైనోసార్ అస్థిపంజరం ఉంది. యామన్‌పల్లి దగ్గర, అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో దొరికింది. నేను చూసిన దుకాణాల్లో దాని బొమ్మ ఎక్కడా లేదు. నిర్మల్ కూడా పాత ఆదిలాబాదే. పొణికి కర్రతో జంతువులు చేసే పనివారితో 1:40లో ఒకటి చేయిస్తే? కర్రకు ఎండ భయం లేదు, సుంకం లేదు. కొలతలు ఎవరైనా ఇవ్వగలరా?

ఈకలరాణి · వరంగల్

మంచి ఆలోచన! 1988లో పి. యాదగిరి గారు వర్ణించి పేరు పెట్టారు. సాధారణంగా చెప్పే పొడవు 9 మీటర్లు, అంటే మీ బొమ్మ 22, 23 సెంటీమీటర్లు. కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసి దొరికాయి. కాబట్టి మ్యూజియంలో నిలబెట్టిన దాన్నే ప్రమాణంగా తీసుకోకండి, ఒకే జంతువు పొడవు అని చెప్పలేం. కాళ్లు, తుంటి, వెన్ను విషయంలో మాత్రం మనకు మంచి ఆధారమే ఉంది.

తల దగ్గరే చిక్కు. పుర్రె దొరకలేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. సిరొంచ వైపు దొరికి, ఇప్పుడు కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో నిలబెట్టిన అదే తరహా డైనోసార్ బారాపాసారస్‌కూ పుర్రె లేదు, కాబట్టి పక్కింటి నుంచి అరువు తెచ్చుకునే వీలూ లేదు.

ఊరకచూపరి · గుంటూరు

అయితే ఇన్నాళ్లకు నాకు పని దొరికింది. తల నేను గీసి ఇస్తాను, ఎవరూ తప్పు పట్టలేరు.

ఈకలరాణి · వరంగల్

పడతాం. పళ్లు చెంచాల్లా ఉన్నాయి, ఆకులు తుంచే నోరు. తల చిన్నది, మూతి గుండ్రం, బొమ్మ మీద రెండు సెంటీమీటర్లు దాటకూడదు. ముందు పాదానికి ఒకటే పెద్ద గోరు, మరచిపోకండి.

పాతపెట్టె · లెస్టర్, ఇంగ్లండ్

నత్తగుల్ల బాబూ, నిర్మల్‌లో పనివారికి ఒక మాట చెప్పండి. కాళ్లూ తోకా చింతగింజల జిగురుతో అతికించమనండి, తల మాత్రం వద్దు. మెడ చివర చిన్న చిల్లు పెట్టి, తలకు గూటం చెక్కించి, బిగుతుగా దూర్చేలా చేయించండి. పుర్రె దొరికిన రోజున తల ఒక్కటే మార్చుకోవచ్చు.

దారంకొలత · విశాఖపట్నం

రంగు వేయకముందే ఒకసారి తెప్పించుకుని దారంతో కొలవండి. పొణికి కర్ర నీటి మీద తేలుతుంది కాబట్టి త్రాసు పరీక్షకు అడుగున సీసపు గుండు కట్టాలి, గుండును విడిగా ముంచి, త్రాసు చూపిన అంకెను తీసేయాలి. లెక్క నేను చేసి పెడతాను.